చేతికి తగిన పిస్తోలు

(ఫైనల్ బి.ఎస్‌సి. విద్యార్థి)

పిస్తోలు అనగానే మనవాళ్ళకు రెండే గుర్తొస్తాయి. సినిమాలో విలను, స్టేషన్లో ఎస్సై. ఆ రెండూ కాక మూడోది ఒకటుంది, అది ఆట. పది మీటర్ల దూరంలో కాగితం మీద గీసిన వలయాల మధ్యకు, శనగగింజ కన్నా చిన్న సీసపు గుండును, ఒంటి చేత్తో, నిలబడి పంపించే ఆట. ఒలింపిక్స్ మొదలుకుని విశ్వవిద్యాలయాల మధ్య పోటీల దాకా ఈ ఆట ఉంది. మన కాలేజీలోనూ ఉంది. ఉందన్న సంగతి చాలామందికి తెలియకపోవడానికి కారణాలు వేరే ఉన్నాయి, వాటిలో ఒక కారణం గురించే ఈ వ్యాసం.

నేననేది ఒక్కటే మాట. పిస్తోలును మనిషికి తగినట్టు ఎంచుకోవాలి గాని, మనిషిని పిస్తోలుకు తగినట్టు ఏరకూడదు. మన దగ్గర జరుగుతున్నది రెండోది.

ఇదేదో పెద్ద శాస్త్రమని భయపడకండి. వ్యవసాయం చేసే ఇళ్ళలో పుట్టినవాళ్ళకు ఇది తెలిసిన సంగతే. మా తాత రోజుల్లో నాగలి మేడి చేయించాలంటే వడ్రంగి ముందు దున్నేవాణ్ణి నిలబెట్టి చూసేవాడట. పొడుగువాడికొక ఎత్తు, పొట్టివాడికొక ఎత్తు. పొట్టి మేడి పట్టుకున్న పొడుగువాడు సాయంత్రానికి నడుం పట్టుకుని కూర్చుంటాడు, చాలు కూడా వంకరే పోతుంది. కొడవలి సంగతి ఇంకా స్పష్టం. కక్కు ఒక వైపే కొడతారు కాబట్టి కుడిచేతి కొడవలితో ఎడమచేతివాటం మనిషి కోస్తే అది తెగదు, జారుతుంది. అందుకని మా ఊరి కమ్మరి ఎడమచేతి కూలీలకు కక్కు రెండో వైపు కొట్టి ఇచ్చేవాడు. 'నువ్వు ఎడమచేతివాడివి కనుక కోతకు పనికిరావు' అని ఏ రైతూ అనలేదు. పనిముట్టు మార్చారు, మనిషిని కాదు. ఇప్పుడు బజార్లో దొరికే కొడవళ్ళన్నీ ఒకే అచ్చులో వస్తున్నాయి, అది వేరే బాధ.

ఇప్పుడు పిస్తోలుకు వద్దాం. ఎయిర్ పిస్తోలు పోటీకి అంతర్జాతీయ నిబంధనలున్నాయి. బరువు 1500 గ్రాములు మించకూడదు. 420 మిల్లీమీటర్ల పొడవు, 200 ఎత్తు, 50 మందం ఉన్న పెట్టెలో పట్టాలి. ట్రిగ్గర్ కనీసం 500 గ్రాముల బరువును ఆపాలి. పిడి మణికట్టుకు ఆనకూడదు. అంతే. ఈ హద్దుల్లోపల పిడిని మీ చేతికి తగ్గట్టు చెక్కుకోండి, అరగదీసుకోండి, మైనంలాంటి చెక్క మెత్తుడు పూసి పూడ్చుకోండి, ఎవరూ కాదనరు. పేరున్న కంపెనీలు పిడిని చిన్న, మధ్య, పెద్ద సైజుల్లో, కుడిచేతికీ ఎడమచేతికీ వేరువేరుగా అమ్ముతాయి. చెప్పుల సైజు లాంటిదే అనుకోండి. ఒకే సైజు చెప్పులు కొని క్లాసు మొత్తాన్నీ పరుగెత్తమంటే ఎలా ఉంటుంది?

పిడి అంత ముఖ్యమా అనేవారి కోసం ఒక చిన్న లెక్క. పది మీటర్ల టార్గెట్‌లో పదో వలయం వ్యాసం 11.5 మిల్లీమీటర్లు. పిస్తోలు మీద ముందు సైటుకీ వెనక సైటుకీ మధ్య దూరం సుమారు 32 సెంటీమీటర్లు. చెయ్యి మొత్తం, మణికట్టు వంగకుండా, ఒక మిల్లీమీటరు పక్కకు జరిగిందనుకోండి, గుండు కూడా టార్గెట్ మీద ఒక మిల్లీమీటరే జరుగుతుంది. పదికి ఏమీ నష్టం లేదు. కాని మణికట్టు తిరిగి, వెనక సైటు గాడిలో ముందు సైటు ఒక్క మిల్లీమీటరు పక్కకు పోయిందా, సరూప త్రిభుజాల లెక్క ప్రకారం పది మీటర్లను 32 సెంటీమీటర్లతో భాగించండి, 31 రెట్లు! టార్గెట్ మీద 31 మిల్లీమీటర్ల తేడా. పది రావలసిన చోట ఏడు వస్తుంది. చెయ్యి వణికితే క్షమించే ఆట ఇది, మణికట్టు తిరిగితే క్షమించదు. మణికట్టును తిప్పేది ఏమిటి? చేతికి సరిపడని పిడి. చూశారా, స్కూలు జ్యామితి చాలు.

మరి సరిపోయిందో లేదో తెలిసేదెలా? దుకాణంలో చేత్తో పట్టుకుని 'భలే ఉంది' అనుకోవడం పరీక్ష కాదు. ఖాళీ పిస్తోలు అని ఒకటికి రెండుసార్లు చూసుకుని, రేంజిలో టార్గెట్ వైపే తిరిగి నిలబడి, కళ్ళు మూసుకుని చెయ్యి ఎత్తాలి. ఊపిరి సగం వదిలి కళ్ళు తెరవాలి. ముందు సైటు వెనక గాడి మధ్యలో కనపడాలి. అయిదారుసార్లు చేసినా ప్రతిసారీ ఎడమకే పోతున్నదంటే, పిడి మిమ్మల్ని ఎడమకు తిప్పుతోందన్నమాట. బలవంతంగా సరిచేసుకుంటే మొదటి పది షాట్లు బాగానే ఉంటాయి. పోటీలో షాట్లు 60, సమయం 75 నిమిషాలు. నలభయ్యో షాటు దగ్గర చెయ్యి తన దారి తాను చూసుకుంటుంది.

రెండోది చూపుడువేలు. ట్రిగ్గర్ మీద పడవలసింది వేలి మొదటి కణుపులోని మెత్తటి భాగం. వేలు తిన్నగా వెనక్కి లాగాలి, మిగతా వేలు పిడి చెక్కకు తగలకూడదు. పిడి లావై చెయ్యి చిన్నదైతే వేలి కొస మాత్రమే అందుతుంది. అప్పుడు నొక్కినప్పుడల్లా పిస్తోలు పక్కకు నెట్టుకుపోతుంది. చెయ్యి పెద్దదై పిడి చిన్నదైతే వేలు ఎక్కువ లోపలికి పోయి మరో పక్కకు లాగుతుంది. మంచి పిస్తోళ్ళలో ట్రిగ్గర్‌ను ముందుకూ వెనక్కూ జరుపుకునే మర ఉంటుంది. ఉన్న సంగతి మన గేమ్స్ రూములో చాలామందికి తెలియదు. ఆ మర తుప్పు పట్టి ఉంది.

మూడోది కన్ను. మనకు కుడిచేతి వాటం ఉన్నట్టే కంటికీ వాటం ఉంటుంది. రెండు చేతులూ చాచి, వేళ్ళ మధ్య చిన్న సందు చేసి, అందులోంచి దూరాన గోడ గడియారాన్ని చూడండి. ఒక్కొక్క కన్నే మూయండి. ఏ కన్ను తెరిచి ఉన్నప్పుడు గడియారం సందులోనే నిలుస్తుందో అది మీ వాటం కన్ను. కుడిచెయ్యి, ఎడమకన్ను ఉన్నవాళ్ళు తక్కువేమీ కాదు. మా గదిలో నలుగురం చూసుకుంటే ఒకడు అలా తేలాడు, వాడు ఇన్నాళ్ళూ మెడ ఎందుకు వంకరగా పెడుతున్నాడో అప్పుడర్థమైంది. అలాంటివాళ్ళు చెయ్యి మార్చాలా, కన్నుకు అడ్డు పెట్టుకోవాలా, నిలబడే కోణం మార్చాలా అన్నది ఒక్కొక్కరిని చూసి చెప్పాలి. అందరికీ ఒకే మందు లేదు.

బరువు విషయమై చాలా భ్రమలున్నాయి. ఆడపిల్లలకు, సన్నటివాళ్ళకు తేలిక పిస్తోలే మంచిదని అందరూ అనేస్తారు. సగం నిజం. చాచిన చేతి చివర కిలో బరువు ఉంటే భుజం మీద ఎంత పడుతుందో ఫిజిక్సు వాళ్ళకు చెప్పనక్కరలేదు, 70 సెంటీమీటర్ల చేతికి దాదాపు 7 న్యూటన్ మీటర్లు. అది గంటసేపు మోయాలి. కాబట్టి కొత్తవాళ్ళకు కొంత తేలికైనది, బరువు గొట్టం చివర కాక చేతి దగ్గర ఉన్నది మంచిదే. కాని తేలికకు మరో ముఖం ఉంది. న్యూటన్ మూడో నియమం. ఎయిర్ పిస్తోలు గుండు బరువు సుమారు అర గ్రాము, వేగం సెకనుకు 150 మీటర్లు. అందుకే దానికి తన్ను దాదాపు లేదు. 0.22 పిస్తోలులో గుండు 2.6 గ్రాములు, వేగం అంతకు రెట్టింపు పైన. ద్రవ్యవేగం పది రెట్లు పెరిగింది. అక్కడ తేలిక పిస్తోలు వరం కాదు, చేతిలోంచి ఎగిరే శాపం.

2014లో కాన్పూరు ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ 'నిర్భీక్' అని ఒక రివాల్వరు తెచ్చింది. 0.32 బోరు, సుమారు అర కిలో బరువు. ఆడవాళ్ళ కోసమని ప్రచారం చేశారు. హ్యాండ్‌బ్యాగులో పట్టాలి కాబట్టి తేలిక. బాగానే ఉంది. కాని అదే గుండు, అదే వేగం, కిలో బరువు ఆయుధానికి బదులు అర కిలో ఆయుధం అయితే వెనక్కి తన్నే వేగం రెట్టింపవుతుంది. పైగా రివాల్వర్లలో గుర్రం వెనక్కి లాగకుండా ట్రిగ్గర్‌తోనే పేల్చాలంటే సాధారణంగా నాలుగైదు కిలోల బలం కావాలి. మన ఎయిర్ పిస్తోలుకు 500 గ్రాములు. సంచిలో తేలిక, చేతిలో బరువు అంటే ఇదే. ఆడవాళ్ళకు తగినది తయారుచేయడమంటే వాళ్ళ చేతి కొలత, వేలి పొడవు, వేలి బలం చూడాలి. తూకం ఒక్కటే చూస్తే అది అమ్మేవాడికి తగినదవుతుంది. ఆత్మరక్షణకు తుపాకులు ఉండాలా వద్దా అన్న చర్చ నేను ఎత్తుకోవడం లేదు. నా మట్టుకు నాకు ఇంట్లో వద్దనే ఉంది. పైగా 1959 ఆయుధాల చట్టం ప్రకారం మామూలు లైసెన్సుకు ఇప్పుడు 21 ఏళ్ళు నిండాలి, నాకింకా ఇరవయ్యే! ఆటకు వాడే 4.5 మిల్లీమీటర్ల ఎయిర్ పిస్తోలు శక్తి 20 జౌళ్ళ లోపు ఉంటే లైసెన్సు అక్కరలేదు కాబట్టి మనబోటివాళ్ళకు అదే దారి.

ఇక 'ఆడలేక మద్దెల ఓడు' అనేవారికి సమాధానం చెప్పాలి. ఈ సామెత నాకు కనీసం ఇరవైసార్లు వినిపించారు. పిస్తోలు బాగాలేదంటే సామెత, పిడి లావంటే సామెత. ఆడలేక మద్దెలను తిట్టేవాళ్ళు ఉన్నమాట నిజమే. కాని మద్దెల నిజంగా ఓడైతే ఏం చెయ్యాలో ఆ సామెత చెప్పదు.

దీనికి తోడు 2024 పారిస్ ఒలింపిక్స్ ఫొటో ఒకటి. టర్కీ దేశస్థుడు యూసుఫ్ డికెచ్, యాభై దాటిన మనిషి, మామూలు కళ్ళజోడుతో, ఎడమచెయ్యి జేబులో పెట్టుకుని, ఏదో బజారుకు వచ్చినవాడిలా నిలబడి మిశ్రమ జట్టు పోటీలో రజతం తీసుకుపోయాడు. హాస్టల్లో అందరూ ఆ ఫొటో చూపించి, 'చూశావా, ఏ సరంజామా అక్కర్లేదు, సత్తా ఉంటే చాలు' అన్నారు. మిత్రులారా, జేబులో ఉన్న చేతిని అందరూ చూశారు, పిస్తోలు పట్టుకున్న చేతిని ఎవరూ చూడలేదు. ఆ చేతిలో ఉన్నది వేళ్ళ మధ్య గాళ్ళతో, అరచేతికి కింద బల్లతో చెక్కిన పోటీ పిస్తోలు. ఆయన వదిలేసింది కంటికి పెట్టుకునే ప్రత్యేక అద్దాలను, అది కూడా రెండు కళ్ళూ తెరిచి కొట్టే అలవాటు ఉంది కనుక. తనకు అక్కరలేనిది తీసేశాడు, అక్కరున్నది ఉంచుకున్నాడు. నేను చెబుతున్నదీ అదే కదా.

పోనీ ఎదురు ఉదాహరణ నేనే చెబుతాను. హంగరీ సైన్యంలో కారోలీ టకాచ్ అని ఒక సార్జెంటు ఉండేవాడు. దేశంలోని మంచి పిస్తోలు షూటర్లలో ఒకడు. 1938లో చేతిలో గ్రెనేడు పేలి కుడిచెయ్యి పనికిరాకుండా పోయింది. ఎవరికీ చెప్పకుండా ఎడమచేత్తో నేర్చుకున్నాడు. 1939లో జాతీయ పోటీల్లో గెలిచాడు. యుద్ధం వచ్చి రెండు ఒలింపిక్స్ పోయాయి. 1948 లండన్‌లో ర్యాపిడ్ ఫైర్ పిస్తోలు స్వర్ణం, 1952 హెల్సింకీలో మళ్ళీ స్వర్ణం. ఈ కథ చెప్పి 'పట్టుదల ఉంటే ఏ పిస్తోలైనా ఒకటే' అంటారు. పట్టుదలకు నమస్కారం. కాని కుడిచేతికి చెక్కిన పిడిని ఎడమచేత్తో పట్టుకుని చూడండి, బొటనవేలు ఉండాల్సిన చోట అరచేతి బల్ల వస్తుంది! మనిషి తన చేతినే మార్చుకుంటే పనిముట్టూ ఆ చేతికి తగ్గట్టు మారవలసిందే. ఆయన కథలో నాకు కనిపించేది అదే.

ఈ సంగతి ఇంతలా పట్టుకోవడానికి కారణం చెప్పాలి. కిందటి ఏడాది మన జిల్లా కేంద్రంలో ఒక క్లబ్బులో వేసవి శిక్షణ పెట్టారు. మన కాలేజీ నుంచి అయిదుగురం వెళ్ళాం. అందులో ఒక అమ్మాయి మా పక్క ఊరిదే, వాళ్ళ నాన్నగారిదీ మాలాగే మెట్ట వ్యవసాయం. ఎన్.సి.సి.లో రైఫిలు బాగా కొట్టింది. చెయ్యి చిన్నది. క్లబ్బులో ఉన్న మూడు పిస్తోళ్ళకూ కుడిచేతి పెద్ద సైజు పిడులే. నాలుగు రోజులు వేలి కొసతో ట్రిగ్గర్ అందుకుంటూ తంటాలు పడింది. గుళ్ళన్నీ ఒకే వైపు, ఒకే చోట గుంపుగా పడుతున్నాయి. గుంపుగా పడుతున్నాయంటే చెయ్యి నిలకడగానే ఉందన్నమాట, తప్పు వేరే చోట ఉంది! అయిదో రోజు శిక్షకుడు, 'అమ్మా, నీకు పిస్తోలు పనికిరాదమ్మా, ఊరికే టైము పాడుచేసుకోకు' అన్నాడు. మంచిగానే అన్నాడు, కోపంగా కాదు. ఆమె 'సరేనండీ' అని బస్సెక్కి వెళ్ళిపోయింది. ఆ ఎండాకాలం వాళ్ళ చేలో మిరపకాయలు ఏరుతుంటే కనిపించింది. పిస్తోలు మాట ఎత్తితే, 'మనకెందుకులే అవన్నీ, పెద్దచేతులవాళ్ళ ఆట అది' అని నవ్వేసింది.

పెద్దచేతులవాళ్ళ ఆటట! హైదరాబాదు అమ్మాయి ఈషా సింగ్ 2018లో ఎయిర్ పిస్తోలు జాతీయ ఛాంపియన్ అయ్యేనాటికి వయసు పదమూడు. పదమూడేళ్ళ పిల్ల చెయ్యి ఎంత ఉంటుంది? ఆమే 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో ఒక స్వర్ణంతో కలిపి నాలుగు పతకాలు తెచ్చింది. 2024లో పారిస్‌లో మను భాకర్ రెండు కాంస్యాలు తెచ్చింది, షూటింగులో ఒలింపిక్ పతకం పొందిన మొదటి భారతీయ స్త్రీ ఆమె. ఇదే మను భాకర్‌కు 2021లో టోక్యోలో పోటీ మధ్యలో పిస్తోలు చెడిపోయి, విలువైన నిమిషాలు పోయి, ఫైనల్ తప్పింది. ఆ స్థాయిలో కూడా పనిముట్టు ముంచగలదు. అలాంటప్పుడు మెట్ట పొలాల్లోంచి వచ్చి, సొంత పిస్తోలు కొనే మాటే లేక, క్లబ్బు ఏది చేతిలో పెడితే దానితోనే తేల్చుకోవలసినవాళ్ళ గతి ఏమిటి? డబ్బున్నవాడు తన చేతికి తగినది కొనుక్కుంటాడు. మంచి పోటీ పిస్తోలు లక్ష రూపాయలు దాటుతుంది. లేనివాడికి అమరక గురి తప్పితే 'నీలో పస లేదు' అని చెప్పి పంపిస్తారు. నేను దీన్ని అన్యాయమనే అంటాను.

నెపం శిక్షకుల మీద ఒక్కరి మీదే వెయ్యలేను. పిస్తోళ్ళు కొనేది ఆఫీసులో బల్ల ముందు కూర్చున్నవారు. వారికి పిస్తోలు ఎన్ని అన్నదే లెక్క, ఎవరి చేతికి అన్నది లెక్కలో లేదు. మన గేమ్స్ రూములో ఉన్న రెండు పిస్తోళ్ళ సంగతీ అంతే. రెండూ కుడిచేతివే, రెండూ ఒకే సైజు. ఎడమచేతివాటం కుర్రవాడు ఒకడు నిరుడు వచ్చి, పట్టుకుని చూసి, మళ్ళీ రాలేదు. క్యారమ్స్ ఆడుతున్నాడిప్పుడు. బాగానే ఆడుతున్నాడనుకోండి.

మూడో పిస్తోలు కొనాలని ఈసారి యూనియన్లో మాట వచ్చింది. నా మనవి ఏమంటే అది వద్దు. పిస్తోలు ధరలో చిన్న భాగంతో విడి పిడులు వస్తాయి, రెండు మరలు విప్పి పావుగంటలో మార్చుకోవచ్చు. మన వర్క్‌షాపులో ఆకురాయి ఉంది, చెక్క మెత్తుడు బజార్లో దొరుకుతుంది, కొంచెం అటూ ఇటూ అయితే మనమే సరిచేసుకోవచ్చు. చేరేవాళ్ళ చెయ్యి కొలిచి, వాటం కన్ను చూసి, పుస్తకంలో రాసుకోవడానికి ఒక్కొక్కరికి పది నిమిషాలు చాలు. ఆ తరువాత ఎవరికి పనికివస్తుంది, ఎవరికి రాదు అని తేల్చండి, నేనేమీ అనను.

నేను ఈ ఏడాదితో వెళ్ళిపోతున్నాను. కొత్త యూనియన్ వారు గేమ్స్ రూము ఇండెంటు రాసేది జూలైలో. అందులో రెండు పంక్తులు రాస్తే సరిపోతుంది. చిన్న సైజు కుడిచేతి పిడి ఒకటి, మధ్య సైజు ఎడమచేతి పిడి ఒకటి. ఆ ట్రిగ్గర్ మరకు కాస్త నూనె కూడా వేయించండి.